బటన్ నొక్కే ముందు: బలమైన స్పోర్ట్స్ కారులో స్టెబిలిటీ కంట్రోల్‌ని మెట్టు మెట్టుగా వాడే తీరు

మా బావమరిది సెకండ్ హ్యాండ్‌లో ఒక వీ8 బండి కొన్నాడు. ఇంజిన్ ముందు, తోసేది వెనక చక్రాలు, బలం నాలుగు వందల గుర్రాల చిల్లర. డిసెంబరులో ఒక రాత్రి మైపాడు నుంచి నెల్లూరుకు వస్తా ఉంటే తుంపర మొదలైంది. పెద్ద వేగమేం కాదు, అరవై లోపే. వంపు సగంలో ఉండగా ముందున్న ఆటోను దాటదామని యాక్సిలరేటర్ మీద కాలు కాస్త గట్టిగా వేశాడు. వెనక భాగం పక్కకు జారింది. బండి ఒకటిన్నర చుట్టు తిరిగి, వచ్చిన దారికే ముఖం పెట్టి నిలబడింది. ఎదురుగా లారీ లేదు, పక్కనున్న రొయ్యల గుంటలోకీ పోలేదు. నాకు ఫోన్ చేసి అన్న మొదటి మాట: "బావా, నేనేం చేయలా. అదే తిరిగింది."

పొద్దున్నే పోయి చూశాను. ఎగ్జాస్ట్ మోత బాగుంటుందని బండిని రేసు ట్రాక్ కోసం ఉండే ట్రాక్ మోడ్‌లో పెట్టుకుని వారం నుంచి తిరుగుతున్నాడు. ఆ మోడ్ మోత పెంచడంతో పాటు, బండి పక్కకు జారకుండా కాచే స్టెబిలిటీ కంట్రోల్‌ని కూడా పక్కన కూర్చోబెడుతుందని అతనికి తెలియదు. అమ్మినవాళ్లూ చెప్పలేదు. మోత కావాలని నొక్కాడు, కాపలాదారుడిని ఇంటికి పంపేశాడు.

సంక్రాంతికి మన జిల్లాల్లో కనబడే ఖరీదైన బండ్లు ఏటా పెరుగుతున్నాయి. వాటిని నడిపేవాళ్లలో చాలామంది స్టెబిలిటీ ఆపే బటన్‌ని ధైర్యం కొలిచే మీటరు అనుకుంటారు. ఆపేసినవాడు మొనగాడు, ఆన్‌లో పెట్టుకున్నవాడు పిరికివాడు. నా లెక్క వేరు. స్టెబిలిటీ కంట్రోల్ కల్పించుకున్నప్పుడల్లా మీటర్లలో ఒక పసుపు దీపం మిణుకుతుంది. ఉన్న మోడ్‌లో ఆ దీపం మిణకకుండా నడపడం వచ్చాకే తర్వాతి మోడ్ ముట్టుకోవాలి. కింద రాసిందంతా ఆ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

లోపల జరిగేది

మూడు వేర్వేరు పనులను జనం కలిపేసి మాట్లాడతారు. ఏబీఎస్ బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం ఉత్తినే తిరగకుండా చూస్తుంది. స్టెబిలిటీ కంట్రోల్ బండి మొత్తం మీరు తిప్పిన వైపుకే పోతోందా లేదా అని చూస్తుంది. ఏబీఎస్‌ని బాష్ సంస్థ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లోకి తెచ్చింది. స్టెబిలిటీ కంట్రోల్ కూడా అదే జంట నుంచి, అదే ఎస్ క్లాస్‌లో 1995లో వచ్చింది. అప్పట్లో అది పెద్దోళ్ల బండ్ల సామాను. 1997లో స్వీడన్‌లో ఒక పరీక్షలో, అడ్డొచ్చిన దుప్పిని తప్పించినట్టు స్టీరింగ్ గబుక్కున అటూ ఇటూ తిప్పితే, చిన్న ఏ క్లాస్ కారు బోర్లా పడింది. ఆ తర్వాతే మెర్సిడెస్ ఆ చిన్న కారుకూ దీన్ని తప్పనిసరి చేసింది. మన దగ్గర 2023 అక్టోబరులో మొదలైన, కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలోనూ మూడు నక్షత్రాలు, ఆపైన రావాలంటే ఇది ఉండాల్సిందే.

పని తీరు ఇదీ. స్టీరింగ్ ఎంత తిప్పారో ఒక సెన్సర్ చెబుతుంది. నాలుగు చక్రాల వేగాలు నాలుగు సెన్సర్లు చెబుతాయి. బండి తన నడుము చుట్టూ ఎంత జోరుగా తిరుగుతోందో, పక్కకు ఎంత తోపుడు పడుతోందో ఇంకో రెండు చెబుతాయి. మీరు అడిగిన దారికీ బండి పోతున్న దారికీ తేడా వస్తే, కంప్యూటర్ ఇంజిన్ బలం తగ్గించి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేస్తుంది. వెనక భాగం బయటికి జారుతుంటే ముఖ్యంగా వంపుకు బయటి వైపున్న ముందు చక్రానికి వేస్తుంది. ముందు భాగం తిరగకుండా నేరుగా పోతుంటే లోపలి వైపు వెనక చక్రానికి వేస్తుంది. మనకు నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే పెడల్ ఉంది కాబట్టి ఈ పని ఎంత పోటుగాడికైనా కాలితో సాధ్యం కాదు.

దీనికి చేతకానిది ఒకటుంది. లేని పట్టును పుట్టించలేదు. టైరుకు ఉన్న పట్టు సోమశిల కాలువలో వంతు నీళ్లలాంటిది. ఉన్నదాన్నే వంపు అనే మడికీ, బ్రేకు అనే మడికీ, యాక్సిలరేటర్ అనే మడికీ పంచుకోవాలి. వంపు మడికే నీళ్లన్నీ పెట్టేసి, మళ్లీ యాక్సిలరేటర్ మడికి తూము తెరిస్తే ఏదో ఒకటి ఎండుతుంది. మా వాడి విషయంలో జరిగింది అదే.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. 60 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపులో గంటకు 60 కిలోమీటర్లతో పోతే బండి మీద పడే పక్క తోపుడు దాని బరువులో సుమారు 47 శాతం. 70తో పోతే 64 శాతం, 80తో పోతే 84 శాతం. మంచి టైరు పొడి తారు మీద తొంభై, వంద శాతం దాకా ఓర్చుకుంటుంది. అదే టైరు తడి రోడ్డు మీద అరవై దగ్గరే చేతులెత్తేయొచ్చు. అంటే ఎండలో 80తో హాయిగా తిరిగిన వంపు వానలో 70కే వదిలేస్తుంది. ఇరవై పెంచితే తోపుడు దాదాపు రెట్టింపైంది చూశారా? తోపుడు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి. ఆ గీత దాటాక ఏ మోడ్‌లో ఉన్నా ఒకటే.

మొదటి మెట్టు: టైర్లు, ఆ తర్వాతే బటన్లు

కంప్యూటర్ తన లెక్కలన్నీ నాలుగు టైర్లను నమ్మి వేస్తుంది. ముందు ఒక కంపెనీవి, వెనక ఇంకో కంపెనీ అరిగినవి వేస్తే దాని లెక్క దారి తప్పుతుంది. టైరు పక్కన నాలుగంకెల గుర్తు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పరాయి దేశంలో ఉండే అన్న ఏడాదికి ఒకసారి వచ్చి నడిపే బండిలో గాడి నిండుగా ఉంటుంది, రబ్బరు మాత్రం షెడ్డులో మన ఎండాకాలపు ఉడుకుకు చెక్కలా గట్టిపడి ఉంటుంది. చూడటానికి కొత్తది, పట్టులో ముసలిది. చట్టం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లుంటే చాలంటుంది. వెడల్పాటి టైర్లతో మన నవంబరు, డిసెంబరు వానల్లో తిరిగేవాళ్లకు అది బొత్తిగా చాలదని నా అభిప్రాయం. మూడుకు దిగితే నేను మార్చేస్తాను.

గాలి చల్లటి టైరులోనే కొలవాలి. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉన్న అంకె పట్టాలి, పంక్చర్ షాపులో అలవాటుగా కొట్టే అంకె కాదు.

అలైన్‌మెంట్ చేయించాక స్టీరింగ్ నేరుగా పట్టుకుని నడుపుతూ, స్టెబిలిటీ దీపం ఆరిందో లేదో చూడండి. ఒకసారి నా బండికి ఒక షాపులో స్టీరింగ్ చక్రం సరిచేశారు గాని సెన్సర్‌కు కొత్త మధ్యస్థానం నేర్పలేదు. నేరు రోడ్డు మీద కూడా బండి నేను వంపు తిప్పుతున్నాననుకుని ఊరికే బ్రేకు గిల్లేది. స్కానర్ పెట్టి సున్నా చేశాక కుదుట పడింది.

రెండో మెట్టు: ఇంటి ముందు ఆపి మీ బండి భాష నేర్చుకోండి

మీటర్లలో జారుతున్న కారు బొమ్మ ఒకటి పసుపు రంగులో ఉంటుంది. తాళం తిప్పగానే వెలిగి ఆరిపోతే అంతా బాగున్నట్టు. నడుపుతుండగా టపటపా మిణుకుతుంటే అది ఇప్పుడే మిమ్మల్ని కాపాడుతోందని. ఆరకుండా వెలిగే ఉంటే ఆపేశారు, లేదా చెడిపోయింది.

బటన్ భాష కంపెనీకో తీరు. బీఎండబ్ల్యూ ఎం కార్లలో డీఎస్‌సీ (స్టెబిలిటీకి వాళ్ల పేరు) బటన్‌ని కాస్త నొక్కి వదిలితే ఎం డైనమిక్ మోడ్ వస్తుంది, అదిమి పట్టుకుంటే మొత్తం ఆగిపోతుంది. మెర్సిడెస్‌వాళ్ల బలమైన రకాలైన ఏఎంజీల్లో కూడా చాలావాటిలో చిన్న నొక్కుకు స్పోర్ట్ హ్యాండ్లింగ్, పెద్ద నొక్కుకు ఆఫ్. ఫోర్డ్ మస్టాంగ్‌లో ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే పోతుంది, కొన్ని సెకన్లు పట్టి ఉంచితే స్టెబిలిటీ కూడా పోతుంది. పోర్షేలో దాని పేరు పీఎస్ఎం, కొత్తవాటిలో పీఎస్ఎం స్పోర్ట్ అనే నడిమి మెట్టు ఉంది. ఫెరారీలో స్టీరింగ్ మీదే మనెటీనో అనే చిన్న తిప్పుడు మీట ఉంటుంది. మోడల్‌నీ సంవత్సరాన్నీ బట్టి ఇవి మారతాయి. కాబట్టి నేను చెప్పానని కాకుండా మీ బండి పుస్తకం తెరిచి చూడండి.

ఇంజిన్ ఆన్ చేసి, బండి కదలకుండా, ఒక్కో మోడ్ నొక్కుతూ మీటర్లలో ఏ మాట వస్తుందో కాగితం మీద రాసుకోండి. మూడు ప్రశ్నలకు జవాబు దొరకాలి. ఈ డ్రైవ్ మోడ్ నొక్కితే దాంతో పాటు స్టెబిలిటీ కూడా మారుతుందా? ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే తిరిగి ఆన్ అవుతుందా? ఆఫ్ అంటే నిజంగా ఆఫేనా, లేక గట్టిగా బ్రేకు వేస్తే మళ్లీ మేలుకుంటుందా? మా బావమరిదికి మొదటి ప్రశ్న తెలిసుంటే మైపాడు రోడ్డు కథ ఉండేది కాదు. ఇప్పుడు అతని బండిలో మోత విడిగా పెంచే మెనూ వెతికి పెట్టాను. నార్మల్‌లోనే పోతాడు, మోత మాత్రం ట్రంకు రోడ్డు అంతా వినబడుతుంది. అది ఇరుగుపొరుగుల బాధ.

ఒక తిరకాసు చాలామందికి తెలియదు. బీఎండబ్ల్యూ కొత్త ఎం3, ఎం4 లాంటి వాటిలో పది మెట్ల ట్రాక్షన్ కంట్రోల్ ఉంటుంది, ఏఎంజీ జీటీ ఆర్‌లో తొమ్మిది మెట్ల గుండ్రటి మీట ఉంటుంది. "నేను ఆఫ్ చేయలేదు, అయిదులో పెట్టాను" అంటారు. కానీ ఆ మెట్లు పని చేసేది స్టెబిలిటీ కంట్రోల్ ఆపాకే. అవి యాక్సిలరేటర్ వల్ల వెనక చక్రం ఎంత జారొచ్చో మాత్రమే చూస్తాయి. వంపు మధ్యలో బెదిరి కాలు తీసేసినందుకు వెనక భాగం జారితే అవి పట్టించుకోవు. అది వాటి పని కాదు.

మూడో మెట్టు: మన రోడ్ల మీద పూర్తిగా ఆన్

ఇందులో వాదన లేదు. తడ నుంచి ఒంగోలు దాకా పదహారో నంబరు జాతీయ రహదారి నున్నగా, నేరుగా ఉంటుంది. ఆ నునుపే మోసం. రహదారి దిగగానే మన రోడ్ల మీద టైరుకూ తారుకూ మధ్య ఏదో ఒకటి పరిచి ఉంటుంది. కోతల కాలంలో సగం రోడ్డు వడ్ల కళ్లం. మొలగొలుకులు తినడానికి ఎంత బాగుంటాయో చెప్పలేను గాని, టైరు కింద ఆ ఎండిన గింజలు గోళీల్లా దొర్లుతాయి. కృష్ణపట్నం వైపు బొగ్గు దుమ్ము. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము చినుకు పడగానే సబ్బు నురగై కూర్చుంటుంది. రొయ్యల లారీ వెనకే పోతే దారంతా చల్లుకుంటూ పోయిన నీళ్లు. సముద్రం పక్కన ఇసుక. ఇవన్నీ ఒక వైపు చక్రాల కింద ఉండి, రెండో వైపు లేకపోతే ఇంకా ప్రమాదం. అలాంటప్పుడే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే ఈ యంత్రం విలువ తెలుస్తుంది.

వానలో వెట్ మోడ్ ఉంటే అదే. లేకపోతే నార్మల్‌లో ఉంచి ఒక గేరు పైనే నడపండి. మొదటి, రెండో గేర్లలో ఇంత బలమున్న ఇంజిన్ వెనక చక్రాలను తడి రోడ్డు మీద క్షణంలో విడిపిస్తుంది. కాలు పెట్టకుండానే వేగం నిలిపే క్రూయిజ్ కంట్రోల్ వద్దు. నీళ్లు నిలిచిన చోట వెడల్పాటి టైరు నీటిని చీల్చలేక దాని మీద పడవలా తేలుతుంది. నాలుగూ తేలాక బ్రేకు వేయడానికి కంప్యూటర్‌కూ నేల ఉండదు. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైతే అదే గుర్తు. చేతులు నేరుగా ఉంచి, యాక్సిలరేటర్ నెమ్మదిగా వదలండి.

రోడ్డు మీద ట్రాక్షన్ కంట్రోల్ ఆపాల్సిన సందర్భం నాకు తెలిసి ఒక్కటే. మైపాడులోనో కొత్తపట్నంలోనో ఫొటో కోసం ఇసుకలోకి దిగి కూరుకుపోయినప్పుడు. చక్రం కాస్త తిరిగితేనే బయటపడుతుంది, ఇదేమో ఇంజిన్ గొంతు నొక్కేస్తుంది. అప్పుడు ఆపి, టైర్లలో గాలి కొంచెం తగ్గించి, చక్రాలు నేరుగా పెట్టి, మెల్లగా రండి. తారు ఎక్కగానే ఆన్ చేసి, గాలి కొట్టించేదాకా నిదానంగా పోవాలి.

కొరిశపాడు దగ్గర రహదారి మీద విమానాల కోసం కట్టిన రన్‌వే ముక్క చూసి చాలామంది కాలు దురదపెడుతుంది. అక్కడ 2022 డిసెంబరు 29న వాయుసేన తన విమానాలతో పరీక్ష చేసింది. వాళ్లు రోడ్డంతా మూసుకుని చేశారు. మనం పోయేటప్పుడు రాంగ్ రూట్‌లో ట్రాక్టరు వస్తుంటుంది. నాలుగు వరసల రహదారి మీద కారుకు కేంద్రం పెట్టిన గరిష్ఠ హద్దు 100. బహిరంగ రోడ్డు మీద పందెం కడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ఉంది.

నాలుగో మెట్టు: ట్రాక్ మీద, ఇంకా పూర్తి ఆన్‌లోనే

మనకు దగ్గర్లో సరైన చోటు శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాక్. 1990 నాటిది, చుట్టు కొలత 3.7 కిలోమీటర్లు, పన్నెండు వంపులు. ఇప్పుడు పేరు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. నెల్లూరు నుంచి పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ సూళ్లూరుపేటలో కానిచ్చి పోవచ్చు. బయల్దేరే ముందు ఇన్సూరెన్స్ కాగితం చదవండి. మామూలు పాలసీలు రేసులనూ వేగ పరీక్షలనూ మినహాయిస్తాయి. హెల్మెట్ తీసుకెళ్లండి, శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి.

అక్కడికి పోగానే అందరి చెయ్యీ బటన్ మీదికే పోతుంది. ఆగండి. మొదటి రోజంతా అన్నీ ఆన్‌లో ఉంచి తిరగండి. పని ఒక్కటే. దీపం ఎక్కడ మిణికిందో గుర్తు పెట్టుకోవడం. వంపులోకి వస్తుంటే మిణికితే వేగం ఎక్కువై వచ్చారు, లేదా స్టీరింగ్ విసిరారు. వంపు నడుమ మిణికితే కాలు గబుక్కున తీశారేమో చూసుకోండి. బయటికి వస్తుంటే మిణికితే స్టీరింగ్ నేరుగా రాకముందే తొందరపడి తొక్కారు. దీపం కనబడకపోయినా కాళ్లకు తెలుస్తుంది. ఇంజిన్ ఉన్నట్టుండి మూగబోవడం, ఏదో ఒక మూల నుంచి గరగర బ్రేకు చప్పుడు రావడం దాని గుర్తులు.

తర్వాతి చుట్లలో ఆ చోట్లను ఒక్కొక్కటే ఆర్పేయండి. బ్రేకు నేరు రోడ్డు మీదే ముగించండి. స్టీరింగ్ ఒకసారి తిప్పి నిలపండి. చేతులు విప్పుతున్న కొద్దీ కాలు తొక్కండి, నిమ్మకాయ పిండినట్టు. ఈ మూడూ కుదిరితే దీపం తగ్గుతుంది, విచిత్రంగా చుట్టు సమయం కూడా తగ్గుతుంది. కంప్యూటర్ అడ్డొచ్చి నెమ్మది చేస్తోందని ఫిర్యాదు చేసేవాళ్ల పక్కన నేను కూర్చున్నప్పుడల్లా చూసింది ఒకటే. అది అడ్డొచ్చేంత మొరటుగా నడుపుతున్నారు.

ఇంకో మాట. ఇది బ్రేకులతో పని చేస్తుంది కాబట్టి, దీని మీదే ఆనుకుని చుట్లు కొడితే ప్యాడ్లు వేడెక్కి త్వరగా అరుగుతాయి. వెనక ప్యాడ్లు ముందువాటి కన్నా త్వరగా అయిపోతుంటే కారణం చాలాసార్లు ఇదే.

అయిదో మెట్టు: నడిమి మోడ్

వరసగా అయిదారు చుట్లు దీపం దాదాపు మిణకకుండా వచ్చాయా? ఇప్పుడు స్పోర్ట్ లేదా డైనమిక్ మోడ్ నొక్కండి. ఇందులో కాపలాదారుడు ఇంటికి పోడు, నాలుగడుగులు వెనక నిలబడతాడు. వెనక భాగం కొంచెం జారనిస్తాడు, మీరు సరిచేసుకుంటారేమో చూస్తాడు, చేతకాకపోతే పట్టుకుంటాడు. వేగం మాత్రం ముందు చుట్లకన్నా పెంచకూడదు. ఒకటి మార్చినప్పుడు రెండోది మార్చకపోతేనే తేడా తెలుస్తుంది.

ఈ మోడ్‌ను నమ్మి వేళ్లు వదిలేయడం పెద్ద పొరపాటు. అది కల్పించుకునేసరికి జారుడు బాగా ముదిరి ఉంటుంది. అప్పుడు బ్రేకు గట్టిగా, ఆలస్యంగా పడుతుంది. వాన పడితే ఈ మోడ్ నుంచి వెంటనే పూర్తి ఆన్‌కు రావాలి. బలమైన బండి కొన్న చాలామందికి జీవితమంతా ఈ మెట్టు చాలు. నాకూ చాలింది.

ఆరో మెట్టు: ఆఫ్

నేర్వాలనిపిస్తే చుట్టూ గోడ, చెట్టు, మనిషి లేని విశాలమైన చోట, తడిపిన నేల మీద, శిక్షకుడి ఎదురుగా మాత్రమే. తడిపేది ఎందుకంటే ముప్పై, నలభై వేగంలోనే జారుడు మొదలవుతుంది కాబట్టి, తప్పుకు మూల్యం తక్కువ. మొదట గుండ్రంగా తిరుగుతూ యాక్సిలరేటర్‌తో మాత్రమే వెనక భాగాన్ని కదిలించి చూడండి. తర్వాత నడుమ కాలు ఒక్కసారిగా తీసి చూడండి. బరువు ముందుకు వాలి, వెనక చక్రాలు తేలికై, తొక్కకపోయినా బండి తిరుగుతుంది. భయం వేసినప్పుడు కాలు తీయడం మనిషి సహజం. వంపులో ఆ సహజమే కొంప ముంచుతుందని ఒళ్లు తెలుసుకోవాలి. అది చదివితే వచ్చేది కాదు.

జారినప్పుడు కళ్లు పోవాల్సిన వైపే పెట్టండి, చేతులు వాటి వెనకే వస్తాయి. వెనక భాగం ఎటు జారిందో స్టీరింగ్ అటే తిప్పండి. పట్టు దొరకగానే అంతే తొందరగా నేరుగా తేవాలి. తేకపోతే బండి రెండో వైపుకు ఇంకా మొరటుగా విసురుతుంది. చాలామంది మొదటి జారుడును పట్టుకుని రెండోదానిలో పోతారు. ఇక చేతుల్లో లేదనిపిస్తే బేరం లేదు. మాన్యువల్ అయితే క్లచ్చూ బ్రేకూ రెండూ పూర్తిగా, ఆటోమేటిక్ అయితే బ్రేకు పూర్తిగా తొక్కి, బండి ఆగేదాకా వదలకండి.

తిరుగు ప్రయాణం

చివరి చుట్టు బ్రేకు వాడకుండా నెమ్మదిగా తిరిగి బ్రేకుల్నీ టైర్లనీ చల్లార్చండి. ఆగాక హ్యాండ్‌బ్రేకు వేయకండి, వేడికి ప్యాడ్లు డిస్కుకు అంటుకుంటాయి. గేరులోనో పార్క్‌లోనో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి. ట్రాక్ మీద వేడికి పెరిగిన గాలిని మధ్యలో తగ్గించి ఉంటారు కాబట్టి, టైర్లు చల్లబడ్డాక చీటీలోని అంకెకు మళ్లీ కొట్టించాలి. గేటు బయటికి రాకముందే ఇంజిన్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, పసుపు దీపం వెలిగి ఆరడం కళ్లారా చూసుకోండి. మోడ్ నార్మల్ అని రాసి ఉండాలి. రోజంతా 150ల్లో తిరిగిన కళ్లకు 100 నడకలా కనిపిస్తుంది. అందుకే మా బావమరిదిని ట్రాక్‌కు తీసుకుపోయినప్పుడు తిరుగు దారిలో స్టీరింగ్ నేనే తీసుకున్నా. గూడూరు దాకా నిద్రపోయి, లేచి అడిగాడు: "బావా, దీపం ఎన్నిసార్లు మిణికింది?"